నూట డెబ్బై ఎనిమిది కట్టలు, పైన పదమూడు

తంగవేలు మేస్త్రికి నడుము పట్టేసిందని, అందుకే పనికి పోవడం లేదని వేలూరు పక్క గుడియాత్తంలో వాళ్ళ వీధి వీధంతా పద్నాలుగు నెలలుగా నమ్ముతోంది. ఆ నడుముకు ఏమీ కాలేదు. అరవై రెండు కిలోల మనిషిని రాత్రీ పగలూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పుతూ ఉండే నడుము అంత సులభంగా పట్టేసే రకం కాదు.

ఆ అరవై రెండు కిలోలూ అతని భార్య పొన్నమ్మ. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. ఒక ఉదయం ఒళ్ళో చేట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ ఎడమ పక్కకు ఒరిగిపోయింది. వేలూరు ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంచుకుని, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ కదలవని, నోరు మాత్రం నిదానంగా తిరుగుతుందని చెప్పి ఇంటికి పంపారు. నోటి విషయంలో వాళ్ళు తక్కువ అంచనా వేశారు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలని, లేకపోతే వీపు పుండు పడుతుందని అక్కడి నర్సు తంగవేలుకు రెండుసార్లు చెప్పింది. మగవాళ్ళకు ఒకసారి చెబితే చెవికెక్కదని ఆమె అనుభవం.

కొడుకు జీవా పెయింటు పని చేస్తాడు, కాట్పాడి వైపు కట్టే ఇళ్ళలోనే పడుకుని ఆదివారం ఇంటికొస్తాడు. కోడలు సుగన్య బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద ఉంటుంది. ఫ్యాక్టరీ వ్యాను ఉదయం ఆరున్నరకు ఎక్కించుకుని పోయి రాత్రి ఏడున్నరకు దింపుతుంది. అయినా పొన్నమ్మను చూసుకునేది సుగన్యే అని వీధి తీర్మానించేసింది. రోజుకు పదమూడు గంటలు ఊళ్ళోనే లేని మనిషి మంచంలో ఉన్న అత్తను ఎట్లా చూసుకుంటుందని ఒక్కరూ అడగలేదు. పైగా మహిళా సంఘం వాళ్ళు ఆమెను పిలిచి శాలువా కప్పారు. సుగన్య ఇంటికొచ్చి ఆ శాలువా తీసి తంగవేలు భుజాన వేసింది.

"ఇది నీది మామా. ఎవురన్నా వస్తే మళ్ళీ నాకియ్యి."

తంగవేలు దాన్ని మడిచి బీరువా మీద పెట్టాడు. తలుపు వేసుకుని పొన్నమ్మకు ఒళ్ళు తుడిచేవాడు. ఆమె చీరలు ఉతికి, మిద్దె మీద పాత టార్పాలిన్ అడ్డం కట్టి, దాని వెనక ఆరేసేవాడు. కూర్చోవడానికి సారవ కర్రలతో కుర్చీ చేశాడు, మధ్యలో బొక్క పెట్టి, అంచు గుచ్చుకోకుండా నునుపు చేసి. అది సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూశాడు. పొన్నమ్మ ఆ కుర్చీలో మొదటిసారి కూర్చుని, "నీ లాడ్జీలకన్నా ఇదే బాగా కట్టినావు" అంది.

ఇంతగా దాచడానికి కారణం లేకపోలేదు. వేలూరులో ఆసుపత్రి చుట్టూ ఉన్న లాడ్జీలలో నాలుగైదు తంగవేలు చేతి మీద లేచినవే. ముప్పై మందిని కేకలేసి పని చేయించిన మనిషి. అదొక్కటే అయితే సిగ్గు ఎప్పుడో పోయేది. అదే వీధిలో గోపాలస్వామి అని ఇంకో మేస్త్రి ఉన్నాడు. పెళ్ళాం కాన్పు అయినప్పుడు వారం రోజులు ఇంట్లో ఉండి వంట చేశాడు. ఆ వారానికి అతనికి 'అమ్మణ్ణి' అని పేరు పడింది. ఆరేళ్ళపాటు సైటులో సిమెంటు కలిపే ఆడవాళ్ళు కూడా అమ్మణ్ణీ అమ్మణ్ణీ అని పిలిచారు. ఆ పేరు పెట్టింది తంగవేలే. అందువల్ల వీధి ఏం చేయగలదో అతనికి బాగా తెలుసు.

పక్క మార్చిన ప్రతిసారీ అతను మంచానికి ఎదురుగోడ మీద గీత గీసేవాడు. సైటులో ఏ కొలతైనా మేస్త్రి గోడ మీదే రాస్తాడు, వడ్రంగి పెన్సిలుతో. కాగితమైతే ఎగిరిపోతుంది, గోడ ఎక్కడికీ పోదు. ఎడమకు వాలిన గీత ఎడమ పక్క, కుడికి వాలింది కుడి పక్క. సున్నా అంటే అన్నం. అడ్డగీత అంటే ఇంకోటి. రోజుకొక వరస. పద్నాలుగు నెలలకు గోడ సగం పైగా నిండిపోయి, దూరం నుంచి చూస్తే పొలంలో నాట్లు వేసినట్టు కనిపించేది.

వీధిలోకి నివేదిత వచ్చింది ఇలాంటప్పుడే. నెమిలి దగ్గర రైతుల ఇంటి పిల్ల, వేలూరులో చదువుకుంటూ ఒక సంస్థకు పనిచేస్తోంది. వాళ్ళ పని ఒక పటం తయారుచేయడం. ఏ వీధిలో ఎంతమంది ముసలివాళ్ళు, ఎంతమంది చంటిబిడ్డలు, అంగన్‌వాడీ ఎంత దూరం, ఆసుపత్రికి పోయే బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇవన్నీ ప్రభుత్వమే అందరికీ చూపించే లెక్కల్లో ఉన్నాయి. వీటిని ఓపెన్ డేటా అంటారు. లేనిది ఒక్కటే: ఈ ముసలివాళ్ళనూ బిడ్డలనూ ఎవరు, రోజుకు ఎన్ని గంటలు చూసుకుంటున్నారన్నది. అది ఇంటింటికీ తిరిగి అడిగి పటం మీద ఎక్కిస్తారు. గంటలు ఎక్కువ ఉన్న వీధి వంకాయ రంగు, తక్కువ ఉంటే తెలుపు. ఆ పటాన్ని బట్టి ఊరికి ముగ్గురు నర్సులను ఇస్తారు. వాళ్ళు వారానికి మూడు రోజులు వంకాయ రంగు వీధులకు వస్తారు.

మొదటిసారి అడిగినప్పుడు వీధి అంతా మర్యాదగా అబద్ధం చెప్పింది. మగవాళ్ళు "ఆడోళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఆడవాళ్ళు "సుమ్మా ఉంటాం" అన్నారు, అంటే ఊరికే ఉంటామని. పక్కింటి వరదమ్మ ఒళ్ళో మనవరాలు, కాలికి ఇంకో మనవడి ఉయ్యాల తాడు, చేతిలో బీడీ ఆకు పెట్టుకుని, "నాకేం పని పాపా, సుమ్మా కూచోనుంటాను" అంది. వీధి తెల్లగా తేలింది. పక్కనున్న లుంగీ నేతవాళ్ళ వీధి నిగనిగలాడే వంకాయ రంగులో వచ్చింది.

నివేదితకు అనుమానం వచ్చి మళ్ళీ వచ్చింది. వరదమ్మ అరుగు మీద కూర్చుని ఫోను చూపించింది.

"మీ వీధిలో ముసలోళ్ళు నలభై ఆరు మంది, చంటిబిడ్డలు ముప్పై ఒకరు. ఇది గవర్నమెంటు లెక్కవ్వా. వీళ్ళందర్నీ కలిపి ఇంటికి నలభై నిమిషాలే చూసుకుంటారని మీరే చెప్పినారు. మరి వాళ్ళెట్ల బతికుండారు?"

"దేవుడుండాడు కదా పాపా."

ఆ తరువాత ఇల్లు తంగవేలుది. అతను గడపలోనే నిలబడి మాట్లాడాడు.

"మంచంలో ఉండేవాళ్ళు ఎవురన్నా ఉండారా పెద్దనాయనా?"

"మా ఇంటామె ఉండాది."

"ఎవురు చూసుకుంటారు?"

"మా కోడలు."

"ఆమె యాడుండాది ఇప్పుడు?"

"ఫ్యాక్టరీలో."

"మరి ఇప్పుడెవురు చూసుకుంటా ఉండారు?"

తంగవేలు కాస్త ఆలోచించాడు. "ఇప్పుడు నిద్రపోతా ఉండాది."

"నేనేం నిద్రపోలేదు" అని లోపలి నుంచి పొన్నమ్మ గొంతు వచ్చింది.

అదే సమయానికి అతని జేబులో ఫోను మోగింది. పన్నెండు గంటల అలారం. నిమిషం ఆగమని చెప్పి లోపలికి పోయాడు. తలుపు వేయడం మరిచిపోయాడు. నివేదిత గడప దగ్గరి నుంచే చూసింది. అతను ఒక మోకాలు మంచం మీద ఆనించి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, దుప్పటి ముడత పడకుండా మనిషిని తిప్పాడు. తరువాత చెవి మీది పెన్సిలు తీసి గోడ మీద గీత గీశాడు. వెనక్కి తిరిగి, ఆ పిల్ల గోడ వైపు చూస్తూ నిలబడటం చూశాడు.

"ఇదేంది పెద్దనాయనా?"

"సుమ్మా" అన్నాడు తంగవేలు.

ఇక దాచి లాభం లేక గీతల అర్థం చెప్పాడు. నివేదిత ఒక వరస గీతలు వేలితో లెక్కపెట్టింది. ఊరు మొత్తంలో ఇంత నికరమైన లెక్క తనకు దొరకలేదని, ఇది పటంలోకి ఎక్కితే వీధి కథ మారుతుందని చెప్పింది.

"శనివారం వచ్చి ఫోటో తీసుకుంటాను. మీరు ఒప్పుకుంటేనే. చూసుకునేది నేనే అని సంతకం చెయ్యాల. భయపడొద్దు, పటంలో పేరు రాదు. మగమనిషి, యాభై ఆరేళ్ళు, మేస్త్రి, ఈ వీధి, అంతే వస్తాది."

"ఈ వీధిలో యాభై ఆరేళ్ళ మేస్త్రి నేనొక్కడినే కదమ్మా. ఇదేం దాచడం? ఎవురు చూస్తారు దాన్ని?"

"ఎవురన్నా చూడొచ్చు. అందుకే కదా పెట్టేది."

ఆమె పోయాక తంగవేలు మంచం పక్కన కూర్చున్నాడు. పొన్నమ్మ ఎడమ చేతి వేళ్ళు రోజురోజుకూ ముడుచుకుపోతున్నాయి. తెరిపించే కసరత్తు సరిగ్గా చేయించకపోతే ఆరు నెలల్లో పిడికిలి అట్లాగే బిగుసుకుపోతుందని ఆసుపత్రిలో చెప్పారు. అతను చేసి చూశాడు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత లాగాలో తెలియలేదు. ఆమె పెట్టిన కేకకు వరదమ్మ గోడ అవతల నుంచి ఏమైందని అడిగింది. మళ్ళీ ముట్టుకోలేదు. ఆ పని తెలిసిన మనిషి ఇంటికి రావాలంటే వీధి రంగు మారాలి. వీధి రంగు మారాలంటే తాను సంతకం చేయాలి. నర్సు వచ్చే రోజుల్లో పనికి కూడా పోవచ్చు.

"సుగన్య పేరు రాయమందామా" అన్నాడు.

"నాకు చెయ్యి కావాల" అంది పొన్నమ్మ. "నీ మీసం నాకేం పనికొస్తాది?"

మరునాడు తంగవేలు నివేదితకు ఫోను చేసి సరేనన్నాడు. తరువాత కొడుక్కి చేసి, శనివారం వేలూరు నుంచి మనుషులు వస్తారని, ఇల్లు చూడబోతారని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికి మనుషులు వస్తారంటే పెయింటరు ఏం చేస్తాడో జీవా అదే చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం రోలరూ రెండు డబ్బాలూ తీసుకుని వచ్చాడు. గోడ మీది గీతలు నాయన సైటు అలవాటు కొద్దీ గీసేవే అనుకున్నాడు. తంగవేలు మందులకు బజారుకు పోయి ఉన్నాడు. పొన్నమ్మ వద్దని చెప్పింది. అమ్మ పెయింటు వాసనకు వద్దంటోందని జీవా అనుకున్నాడు, కిటికీ తెరిచి పెట్టాడు. ఆమె మాట నిదానంగా తిరుగుతుంది, రోలరు అంతకన్నా వేగంగా తిరుగుతుంది. తంగవేలు మందుల సంచీతో వచ్చేసరికి గదంతా మల్లెపువ్వులా ఉంది.

అతను గోడకు పక్కగా వంగి, వెలుతురు పడే వైపు నుంచి చూశాడు.

"రెండో కోటు బాగా పడింది" అన్నాడు. తరువాత కింద కూర్చుండిపోయాడు.

"ఏంది నాయనా? ఏమైంది?" అన్నాడు జీవా.

"నాలుగు వందల ఇరవై అయిదు రోజులు" అని పొన్నమ్మ సమాధానం చెప్పింది.

శనివారం నివేదిత వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. పెయింటు వాసన వస్తే వీధి ఊరుకోదు. పెళ్ళిచూపులా, ఇల్లు అమ్ముతున్నారా అని వరదమ్మ పొద్దుటి నుంచి రెండుసార్లు వచ్చిపోయింది. ఇప్పుడు కిటికీ దగ్గర చేటతో సహా స్థిరపడింది. ఆమె వెనక గోపాలస్వామి, పళ్ళు తోముకుంటూ.

నివేదిత లోపలికి వచ్చి నిలబడిపోయింది. "గోడ యాడ పెద్దనాయనా?"

"గోడ ఆడనే ఉండాది" అన్నాడు తంగవేలు.

జీవా తల వంచుకున్నాడు. నివేదిత ఫోను సంచీలో పెట్టేసింది. పోయినసారి ఫోటో తీసి ఉంటే బాగుండేది, కానీ ఒప్పుకోకుండా తీయకూడదన్నది వాళ్ళ రూలు. ఉత్త నోటిమాట రాసుకుంటే సంస్థలో ఒప్పుకోరు, పోయినసారి వీధంతా నోటిమాటే చెప్పింది కదా. కళ్ళారా చూసినవాళ్ళు ఇంకొకరు చెప్పాలంది. సుగన్య ఫ్యాక్టరీలో ఉంది. జీవా చూసేది ఆదివారాలే. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది కాబట్టి వీధిలో చూసినవాళ్ళు లేరు.

"ఎన్నిసార్లు తిప్పినారో నికరంగా చెప్పేవాళ్ళు ఎవురూ లేరా?"

"నేను లేనా" అంది పొన్నమ్మ.

అందరూ మంచం వైపు తిరిగారు.

"నలభై ఏండ్లు బీడీ లెక్క పెట్టినాను. ఇరవై అయిదుకు ఒక కట్ట. మాట్లాడతా మాట్లాడతా కూడా తప్పు పోలేదు. ఒగ పక్కనించి ఇంగో పక్కకు నన్ను తిప్పితే నాకు లెక్క తెలీదా?" ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "నూట డెబ్బై ఎనిమిది కట్టలు. పైన పదమూడు. రాసుకో పాపా."

నివేదిత ఫోనులో లెక్క వేసింది. నాలుగు వేల నాలుగు వందల అరవై మూడు. ఒకసారి నెమ్మదిగా పైకి చదివింది.

"తప్పు" అన్నాడు తంగవేలు. "రోజుకు పన్నెండు. అయిదు వేల నూరు. గోడ మీద ఉండింది."

"గోడ మీద ఉండింది. నా ఎదురుగానే కదా గీస్తివి. మధ్యాన్నం రెండు గంటలది ఒక్కరోజు కూడా తిప్పలేదు. అన్నం తిని గురక పెట్టి, మూడున్నరకు లేచి గీత గీస్తాడు పాపా. తెల్లారి నాలుగు గంటలది రోజు విడిచి రోజు. అవి తీసేసి చెప్పినాను."

"నాలుగు గంటలది నేను ఒక్కటి కూడా విడవలేదు" అన్నాడు తంగవేలు. గొంతు సైటులో పలికినట్టు పలికింది. "నువ్వు నిద్రలో ఉంటివి. నీకేం తెలుసు?"

"నన్ను తిప్పితే నాకు తెలీదా? నేనేమన్నా సిమెంటు బస్తానా?"

"బస్తా అయితే నోరు మూసుకోనుంటాది."

"నోరు ఉండబట్టే నీ పేరు రాస్తా ఉండారు."

తంగవేలుకు ఇక వీధి గుర్తు లేదు. కిటికీ వైపు తిరిగి గోపాలస్వామిని సాక్ష్యానికి పిలిచాడు. "నువ్వు చెప్పప్పా. మేస్త్రివి కదా, బరువు తెలిసినోడివి. అరవై రెండు కిలోలు. భుజం కింద ఒగ చెయ్యి, తుంటి కింద ఒగ చెయ్యి. లాగకూడదు, లాగితే తోలు లేచిపోతాది, దొర్లించాల. కింద దుప్పటి ముడత పడకూడదు. తరువాత కాళ్ళ మధ్యన దిండు. అది కూడా ఏ దిండంటే ఆ దిండు కాదు. రాత్రీ పగలూ పద్నాలుగు నెలలు, వీపు మీద ఒగ మచ్చ లేదు. చూడమను ఎవుర్నన్నా. అట్లాంటి పనిలో ఆరు వందల ముప్పై ఏడు కోత వేస్తా ఉండాది ఈమె. ఏమన్నా నాయమా?"

గోపాలస్వామి నోట్లోని నురుగు ఉమ్మి వచ్చాడు. "అయితే నడుము?"

తంగవేలు నడుము మీద చెయ్యి పెట్టుకోబోయాడు. గదిలో, కిటికీ బయట, ఎంతమంది ఉన్నారో అప్పుడు చూశాడు.

"నడుము బాగుండాది" అన్నాడు.

"నేను ఏడు రోజులు వంట చేస్తే ఆరేండ్లు అమ్మణ్ణి అంటివి."

"అంటిని."

"ఇప్పుడు నిన్నేమనాల?"

వరదమ్మ బీడీకి దారం చుట్టి, కొరికి, చేటలో వేసింది. "అదేం అడుగుతావప్పా, పెద్దమ్మణ్ణి అను" అంది. జీవా కూడా నవ్వాడు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది పొన్నమ్మ, ఒక పక్క నోటితో.

నివేదిత సంతకం పెట్టించుకుంది. ఎంత సంఖ్య వేయాలన్నది తేలలేదు. వాళ్ళ ఫారంలో చూసుకునేవాళ్ళ మాటకు గడి ఉంది, సేవ చేయించుకునేవాళ్ళ మాటకు లేదు. మంచంలో ఉన్న మనిషి లెక్క చెబుతుందని ఫారం తయారుచేసినవాళ్ళకు తట్టలేదు. ఆ పిల్ల అంచున ఖాళీలో అడ్డంగా పొన్నమ్మ లెక్క రాసుకుంది. కనీసం నాలుగు వేల ఏడు వందలు చేయమని తంగవేలు బేరమాడాడు. కుదరదంది.

ఆమె లేవబోతుంటే వరదమ్మ కిటికీలోంచి పిలిచింది.

"నాది మళ్ళీ రాయి పాపా. సుమ్మా అన్నానే, అది కొట్టెయ్యి. ఆయప్ప ఒగ మనిషిని తిప్పి నాలుగు వేలంటే, నేను ముగ్గురు మనవళ్ళ ముడ్లు కడిగినాను, మా అత్తను తొమ్మిదేండ్లు చూసినాను. అది కూడా రాస్తారా? చచ్చిపోయి రెండేండ్లయింది."

"ఇప్పుడు ఉండేవాళ్ళదే రాస్తామవ్వా."

"అయితే మనవళ్ళది రాయి. తెల్లారి నాలుగు గంటల నుంచి మొదలుపెట్టు."

ఆ రోజు నివేదిత దగ్గర ఫారాలు అయిపోయాయి. సోమవారం ఇంకో కట్ట తెచ్చింది. ఎవరింట్లో ఎన్ని గంటలన్నది వీధిలో పోటీ అయింది. ఎక్కువ చెబితే పక్కింటివాళ్ళే పట్టుకుని తగ్గించారు, తక్కువ చెబితే నోరు పెట్టి పెంచారు. గోపాలస్వామి భార్య తన గంటలు చెప్పి, మొగుడి కోసం ఒక ఏడు రోజులు పాత లెక్కలో వేయమని అడిగింది. పై నెలకు పటంలో వీధి రంగు మారింది. నేతవాళ్ళ వీధికన్నా నల్లటి వంకాయ. ఇది దొంగలెక్క అని నేతవాళ్ళు సంస్థకు ఫిర్యాదు రాశారు.

నర్సు వచ్చాడు. విమల్ అని పాతికేళ్ళవాడు. మర్యాదస్థుడు, చేతులు శుభ్రంగా కడుక్కుని పొన్నమ్మ ఎడమ చెయ్యి పట్టుకోబోయాడు.

"మొగపిల్లోడు నన్ను ముట్టుకునేది లేదు" అంది పొన్నమ్మ.

"నేను నర్సునమ్మా."

"ఉండు నాయనా. ఆడనే ఉండు."

ఆడ నర్సు కావాలంటే పేరు రాసి మూడు నెలలు ఆగాలట. ఆమె వేళ్ళు అన్నాళ్ళు ఆగవు. విమల్ నోట్‌బుక్కు పట్టుకుని ఏం రాయాలో తెలియక నిలబడ్డాడు.

"నాకు చెప్పు" అన్నాడు తంగవేలు. "నేను చేస్తాను."

"మీరు పనికి పోవాలనే కదా నన్ను పంపించినారు?"

"పోతాను. ముందు ఇది చెప్పు. బొటనవేలి కాడ పట్టుకోవాలా, మణికట్టు కాడనా?"

రెండు వారాలు విమల్ గోడకు ఆనుకుని నిలబడి నోటితో చెప్పాడు, తంగవేలు చేశాడు. మణికట్టు వంచి, బొటనవేలు బయటికి తీసి, తరువాత నాలుగు వేళ్ళూ ఒకటొకటిగా. పొన్నమ్మ విమల్‌ను తిట్టలేదు. మొగుడిని మాత్రం ప్రతి వేలికీ ఒకసారి తిట్టింది. పద్దెనిమిదో రోజుకు పిడికిలి బియ్యపు గింజలు పట్టేంత తెరుచుకుంది. చాలు, ఇంక మిమ్మల్ని చూడనక్కరలేదు, మంగళవారం, శుక్రవారం నేను పక్కన కూర్చుంటాను, పక్కింటవ్వ తిప్పుతుంది, మీరు పనికి పొండి అన్నాడు విమల్. వరదమ్మ ఒప్పుకుంది. తన గంటలు పటంలో పెంచాలన్న షరతు మీద.

తంగవేలుకు విరించిపురం దగ్గర ఒక ప్రహరీ గోడ పని దొరికింది. వారానికి రెండు రోజులు. దాదాపు పదహారు నెలల తరువాత మళ్ళీ తాపీ పట్టాడు. తనతో పనిచేసేది దినకర్ అని కొత్త మేస్త్రి, గుడియాత్తం వీధి సంగతులు తెలియనివాడు.

"ఏమన్నా, రెండు రోజులే వస్తావంట. మిగతా రోజుల్లో వేరే సైటా?"

"మా ఇంటామెకు చెయ్యి పడిపోయింది. నేనే చూసుకుంటాను" అన్నాడు తంగవేలు.

దినకర్ అయ్యో అన్నాడు. అక్కడితో మాట అయిపోయి ఉండేది. తంగవేలు తాపీ పక్కన పెట్టి, దినకర్ ఎడమ చెయ్యి పట్టుకుని, మణికట్టు ఎట్లా వంచాలో చూపించాడు. బొటనవేలు ముందెందుకు తీయాలో చెప్పాడు. తరువాత పక్క మార్చడం గురించి మొదలుపెట్టాడు. దొర్లించడానికీ లాగడానికీ తేడా చూపించడానికి ఒక సిమెంటు బస్తా కావాలన్నాడు.

"అన్నా, కలిపిన మాలు గట్టిపడతా ఉండాది" అన్నాడు దినకర్.

"పడనీ. ముందు తుంటి కింద చెయ్యి ఎట్ల పెట్టాలో చూడు."